డూప్లికేట్ గుండె

నర్సమ్మ రోజూ ఎనిమిదింటికి వీధి ఆసుపత్రి తాళం తీస్తుంది. ఊడ్చేది ఆమే, ట్యాబ్ చార్జింగ్ పెట్టేది ఆమే, మూలనున్న మందుల బీరువా మీద దుమ్ము తుడిచేదీ ఆమే. ఆ బీరువాకి తాళంచెవి లేదు. రోగి వచ్చి వేలిముద్ర వేస్తే, ట్యాబ్ సరేనంటే, ఆ మనిషి పేరున్న అర ఒక్కటే టక్కుమని తెరుచుకుంటుంది.

ఊడవడం అయ్యాక గడియారం కుడిచేతికి మార్చుకుంటుంది. ఎడమ మణికట్టు ఖాళీగా ఉండాలి. ఆమె ఒకసారి ఎవరి నాడి పట్టుకుంటే వాళ్ళ నాడి అక్కడే ఉండిపోతుంది. పద్దెనిమిదేళ్ళ కొలువులో నాలుగు వీధుల జనం ఆ మణికట్టులో చేరారు.

"నర్సమ్మా, మా ఆయన ఎలా ఉన్నాడో కాస్త చూడు. ఫోనెత్తి మూడు రోజులైంది" అంది లారీ డ్రైవరు భార్య, గుమ్మంలోంచే.

నర్సమ్మ మణికట్టు మీద వేళ్ళు పెట్టి వెతికింది. "హాయిగా నిద్రపోతున్నాడు."

"ఇంత పొద్దెక్కాకా! రానీ, చెబుతా."

ట్యాబ్‌లోని యాప్‌లో దీనికి గడి లేదు కాబట్టి నర్సమ్మ ఎక్కడా రాయలేదు.

సోమవారం సూపర్‌వైజర్ వచ్చాడు. తెర మీద అన్నీ పచ్చగా కనబడితే తప్ప ఆయనకు అన్నం సహించదు. అందుకే సిబ్బంది ఆయన్ని చాటుగా పచ్చరంగు సారంటారు.

"సిస్టర్, మీ దగ్గర డూప్లికేట్లు, అంటే ఒకే మనిషి రెండుసార్లు ఎక్కినవి, నలభై ఒకటి. అన్ని సెంటర్లూ పచ్చగా ఉన్నాయి, మీదొక్కటే ఎర్రగా ఉంది. సాయంత్రానికి సున్నా చెయ్యాలి."

"వాళ్ళలో చాలామంది వేరువేరు మనుషులు సార్. పుట్టినరోజు తెలీని వాళ్ళందరికీ అప్పట్లో జనవరి ఒకటని రాసేశాం. మా వీధుల్లో సగం మంది ఆ రోజే పుట్టారు."

"కేకు ఒక్కటి కోస్తే సరిపోతుంది. కలిపెయ్యండి."

నర్సమ్మ ఒక్కొక్కటీ చూసుకుంటూనే కలిపింది. నాలుగున్నర దాటాక కళ్ళు లాగేశాయి, వేలు దానంతటదే నడిచింది. ఒకే ఇల్లు, ఒకే పేరు, అదే జనవరి ఒకటి, అదే ఫోను నంబరు. 'కలుపు' నొక్కింది. ఆరింటికి సెంటరు దాదాపు పచ్చబడింది. సిబ్బంది ఆరోగ్య పరీక్షలు పూర్తికాలేదని మూల ఒక్క ఎర్రచుక్క మిగిలింది.

అలా కలిసిపోయిన ఆ ఇద్దరూ తోడికోడళ్ళు. పేర్లు ఒకటే కావడంతో వీధిలో అందరూ పొడుగామె, పొట్టామె అంటారు. పొడుగామెకు రెండు నెలల కిందట పరీక్ష చేశారు, ఏ జబ్బూ లేదు. పొట్టామెకు చిన్నప్పటి జ్వరంతో గుండె కవాటం దెబ్బతింది. అపార్ట్‌మెంట్లలో మెట్లు కడగడం ఆమె పని. మాత్రలు వేసుకుంటేనే ఆ మెట్లు ఎక్కగలదు. యాప్ ఇద్దర్నీ ఒకటి చేసి, తర్వాత రాసిన పొడుగామె వివరాలు ఉంచుకుంది.

మర్నాడు పొట్టామె వచ్చి వేలిముద్ర వేసింది. బీరువా కదల్లేదు. ట్యాబ్ మీద పువ్వు బొమ్మ వచ్చింది: 'మీకు గుండె జబ్బు లేదు. అభినందనలు.'

"అదేంటక్కా, నాకు తగ్గిపోయిందా?" అంది పొట్టామె. గుమ్మం ముందున్న మూడు మెట్లకే ఆయాసపడుతోంది.

నర్సమ్మకు విషయం అర్థమైంది. మళ్ళీ పరీక్ష చేయబోతే ట్యాబ్ ఒప్పుకోలేదు: పరీక్ష పూర్తయింది, మళ్ళీ మూడేళ్ళకి. ఆ మాత్రలు బయట దుకాణాల్లో దొరకవు. పెద్దాసుపత్రికి పంపితే అక్కడా అదే తెర, అదే పువ్వు. ఫిర్యాదు పెట్టి, పచ్చరంగు సారుకు ఫోన్ చేసింది.

"కలిపింది మీ లాగిన్‌తోనే కదా సిస్టర్. విడదీసే బటన్ మాకివ్వలేదు."

ఆరు రోజులు గడిచాయి. నర్సమ్మ మణికట్టులో పొట్టామె నాడి దారం తెగిన కుట్టుమిషన్‌లా కొట్టుకుంటోంది. నాలుగు కుట్లు గబగబా, ఒకటి ఉత్తిది, మళ్ళీ గబగబా. ఆరో రోజు పదకొండింటికి మెసేజ్ వచ్చింది: 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. రోగికి జబ్బు లేదని నిర్ధారణ అయింది.'

అది చదువుతుండగానే పొడుగామె ఊడిపడింది.

"దాని పాదాలు దిబ్బల్లా వాచాయి. పడుకుంటే ఊపిరాడక గోడకానుకుని కూర్చుంది. నాకు జబ్బు లేదని రాసుకుంటే రాసుకోండి, దానిదెందుకు పీకేశారు? కావాలంటే నాకుందని రాయండి, నేనొద్దన్నానా?"

"నువ్వు రాయమన్నా యంత్రం ఒప్పుకోదు. నీ గుండె గుర్రంలా ఉంది."

"దిక్కుమాలిన గుండె! అవసరానికి పనికిరాకుండా పోయింది" అని పొడుగామె నెత్తి కొట్టుకుంది.

నర్సమ్మ తెర మూలనున్న ఎర్రచుక్క వైపు చూసింది. పరీక్ష చేయించుకోని సిబ్బంది ఆ సెంటర్లో ఆమె ఒక్కతే. అందరికీ చేసీ చేసీ తన దగ్గరికొచ్చేసరికి వాయిదా వేస్తూ వచ్చింది. తన పేరు తెరిచింది. గుండె యంత్రం పలక మీద రెండు బొటనవేళ్ళూ పెట్టి కళ్ళు మూసుకుంది. మణికట్టులో ఉన్నవాళ్ళందర్నీ కాస్త జరగమని, పొట్టామెను ముందుకు రమ్మంది.

తెర మీద గీత మెలికలు తిరిగింది. కాసేపటికి డాక్టరు ముఖం ప్రత్యక్షమైంది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా ఆయాసం?"

"ఆరు రోజుల్నించి సార్."

"ఈ గుండెతో ఎలా తిరుగుతున్నారు?"

"తిరగడం లేదు సార్. గోడకానుకుని కూర్చునే ఉంది."

డాక్టరు ఏదో రాసుకున్నాడు. బీరువాలో ఒక అర టక్కుమంది. లోపల నెలకు సరిపడా మాత్రలున్నాయి, డబ్బా మీద నర్సమ్మ పేరుంది. ట్యాబ్ మీద ఇంకో వాక్యం కూడా పడింది: 'ఈ ఉద్యోగి డ్యూటీకి అనర్హురాలు.' తర్వాత ఆమె వేలికి ట్యాబ్ తెరుచుకోలేదు. ఆమె జీతం మీద ఇంట్లో నలుగురు బతుకుతున్నారు.

డబ్బాతో పొట్టామె ఇంటికెళ్ళే దార్లో ఉండగానే ఫోన్ మోగింది. "మీకిలా ఉందని చెప్పలేదేం సిస్టర్? రేపట్నుంచి రావద్దు, రెస్టు తీసుకోండి" అన్నాడు పచ్చరంగు సారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "అన్నట్టు, మీ సెంటర్ పూర్తిగా పచ్చబడింది."

పొట్టామె ఉండేది మూడో అంతస్తులో. పొడుగామె గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. పొట్టామె డబ్బా అటూ ఇటూ తిప్పి చూసింది.

"అక్కా, దీని మీద నీ పేరుందే?"

"ముందు మింగు."

"మరి నీ ఉద్యోగం?"

"పోయింది. మూడు నెలలకు నన్ను మళ్ళీ పరీక్షిస్తారు. అప్పటికి నీ గుండె తిన్నగా కొట్టుకుంటే ఉద్యోగం ఇస్తారు, మందు ఆపేస్తారు. కొట్టుకోకపోతే మందిస్తారు."

పొట్టామె డబ్బాలోంచి ఒక మాత్ర తీసి అరచేతిలో పెట్టుకుంది.

"అయితే నేనేం చెయ్యాలక్కా? తగ్గించుకోనా, వద్దా?"

"మాట్లాడకు, ఆయాసం ఎక్కువవుతుంది. మింగు."

అంతలో నర్సమ్మ సొంత ఫోన్ కుయ్‌మంది. 'ఈ రోజు మందు వేసుకున్నారా? అవును, కాదు.'

పొట్టామె మాత్ర నాలుక మీద పెట్టుకుంది. నీళ్ళు తాగింది. గొంతు కదిలింది. అది లోపలికి దిగేదాకా చూసి, నర్సమ్మ 'అవును' నొక్కింది.