మూత తీసే టైము

హరనాథ్‌కి ఉత్సాహం ఎక్కువ, ముందుచూపు తక్కువ. తెలుగు సంఘం ప్రెసిడెంటు పదవి ఈసారి తనదేనని తెలిసిన సంబరంలో కమిటీ వాళ్లందర్నీ శనివారం భోజనానికి రమ్మన్నాడు. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, బేస్‌మెంట్‌లో దండేలకి గంజాయి వేలాడుతోందని.

"అది ఆరడానికి ఇంకెన్నాళ్లు పడుతుంది?" అని భార్యని అడిగాడు.

"కోసింది మొన్నేగా. ఇంకో వారం," అంది నళిని.

"శనివారానికల్లా తీసెయ్యాలి. గ్యారేజ్‌లో హీటర్ ఉంది. ఆన్ చేస్తే రెండ్రోజుల్లో ఫినిష్."

"ఆ హీటర్ మెట్లు దిగిందంటే మీరూ నేనూ వేరే వేరే వంటలు వండుకోవాల్సిందే."

ఆ మాట ఊరికే అన్నది కాదు. మిషిగన్ రాష్ట్రం నోవైలో హాస్పిటల్ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి ఆమె. ఆరేళ్లుగా కీళ్లవాతం వేళ్లని పట్టుకుంది. మంచు కురిసే నెలల్లో జడ వేసుకోలేదు, పిండి కలపలేదు. మాత్రల సీసా మూత తీయాలన్నా మొగుణ్ణి కేకెయ్యాలి. షాపులో కొన్న గంజాయి నూనె వేసుకుంటే తల తిరిగిపోయింది. ఏడాదిన్నర కిందట పొరుగావిడ, మత్తు పెద్దగా ఎక్కని రకం ఒకటి పెంచి, ఎండబెట్టి, సీసాడు ఇచ్చింది. దాన్ని నూనెలో కాచి రోజూ చిన్న చెంచాడు వేసుకున్నంత కాలం నళిని తన కాఫీ గ్లాసు తనే పట్టుకుంది. ఇక ఆగుతుందా? ఆవిడ దగ్గరే విత్తనాలు తెచ్చుకుంది. మిషిగన్ చట్టం ఇంటికి పన్నెండు మొక్కలు పెంచుకోమంటే, ఆమె వేసింది మూడే.

కానీ పోయినేడు పంటని చేజేతులా పాడుచేసుకుంది. ఆమె పుట్టింది టంగుటూరు దగ్గర, పొగాకు రైతు ఇంట. పొగాకుని వేడితో ఆరబెట్టే బ్యారన్ గోడ పక్కనే ఆడుకుంటూ పెరిగింది. ఆకు ఆరబెట్టడం తనకి నేర్పేదెవరని, తగుదునమ్మా అంటూ హీటర్ పెట్టి, నాన్న చేసినట్టే రోజుకింత వేడి పెంచుకుంటూ పోయింది. నాలుగో రోజుకి పైన కరకరలాడింది. సీసాల్లో పెట్టాక లోపలి తడి బయటికొచ్చి మొత్తం బూజు పట్టింది. ఆ చలికాలం ఎలా గడిచిందో ఆమె వేళ్లకే తెలుసు.

అందుకే ఈసారి వేడి లేదు. చీకటి గది, చల్లటి గాలి, మూల చిన్న ఫ్యాను, బోలెడంత ఓపిక. సన్న కాడ వంచితే వంగకుండా టక్కున విరగాలి. అప్పుడే సీసాలోకి. ఇప్పుడు తొందరపడితే ఈ చలికాలం కూడా గోవిందా.

"సరే, కిందికి ఎవర్నీ రానివ్వను. అడిగితే పైప్ లీకయిందంటాను," అన్నాడు హరనాథ్.

"మీరేమన్నా చెప్పుకోండి. నన్నడిగితే మాత్రం ఉన్నదే చెప్తాను."

శనివారం హరనాథ్ రెండు కట్టల అగరొత్తులు వెలిగించాడు. పప్పులో ఇంగువ కాస్త ఎక్కువే వేయించాడు. కానీ అక్టోబరు చలికి ఇంటి హీటింగ్ మొదలై, కింది వాసనని పైకి మోసుకొచ్చి ప్రతి గదిలోనూ పంచిపెట్టింది.

"ఏంటీ వాసన? బయట స్కంక్ ఏమన్నా తిరుగుతోందా?" అంది విజయశ్రీ, కమిటీ పెద్ద విశ్వనాథ్ భార్య.

"అవునమ్మా, స్కంకే. పెరట్లో చెక్క డెక్ కింద దూరినట్టుంది," అన్నాడు హరనాథ్.

అందరూ తలలూపారు. నలభై ఏళ్లుగా ఈ దేశంలో ఉన్నవాళ్లు, అది స్కంక్ అనే కంపు కొట్టే జంతువు వాసనో ఇంకోటో తెలియక కాదు. తెలియనట్టుంటే మర్యాద.

"స్కంక్ కాదండీ," అంది నళిని, పెరుగు గిన్నె బల్ల మీద పెడుతూ. "గంజాయి. కింద ఆరబెట్టాను."

గరిటెలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. విశ్వనాథ్ గొంతు సవరించుకున్నాడు. పేరున్న హార్ట్ సర్జన్‌గా చేసి రిటైరయ్యాడు. సంఘంలో ఆయన ఎవర్ని చూపిస్తే వాళ్లే ప్రెసిడెంటు.

"అమ్మా నళినీ, లీగల్ అయితే మాత్రం? మనకో కల్చర్ ఉంది. పిల్లలకి ఏం ఎగ్జాంపుల్ సెట్ చేస్తున్నాం? తీసి పారెయ్. నొప్పికి మంచి మెడిసిన్స్ నేను చెప్తాను."

"మందులన్నీ వాడి చూసే ఇక్కడికొచ్చాను, అన్నయ్యగారూ. ఒకటడుగుతాను. మీదీ పొగాకు ఇల్లేగా, ఊళ్లో మీ నాన్నగారికి ఎన్ని బ్యారన్లు?"

"నాలుగు," అన్నాడాయన. చెప్పేటప్పుడు మెడ కొంచెం నిటారుగా అయింది.

"మా నాన్నకి రెండు. ఆ పొగాకు అమ్మే మిమ్మల్ని మెడిసిన్ చదివించారు, నన్ను ఎమ్మెస్సీ చదివించారు. వాళ్లకి ఊరంతా దండలేసింది. మీరు కోసిన గుండెల్లో సిగరెట్లు తాగినవాళ్లవి ఎన్ని?"

విశ్వనాథ్ పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ ఆకు మన కల్చరు. నా వేళ్లు కదలనిచ్చే ఆకు సిగ్గుచేటు. బాగుంది. నేను మాత్రం పారెయ్యను."

ఆమెకి కోపం వచ్చింది. ఆరేళ్లుగా నొప్పిని నవ్వు వెనక దాచి వీళ్లందరికీ వడ్డించానే అన్న కోపం.

స్వీటు ఎవరూ ముట్టుకోలేదు. విశ్వనాథ్ చెయ్యి కడుక్కుని, "ప్రెసిడెంటు సంగతి తర్వాత మాట్లాడదాం, హరనాథ్," అని కోటు తొడుక్కున్నాడు. వెనకే అందరూ కదిలారు.

ఆఖరి కారు వెళ్లాక హరనాథ్ నేరుగా బేస్‌మెంట్ మెట్లు దిగాడు. పీకి పారేస్తాడనుకుంది నళిని. వేళ్లతో పట్టుకోలేక, రెయిలింగ్‌కి మోచెయ్యి ఆనించుకుంటూ దిగింది.

అతను దండెం దగ్గర నిలబడి ఒక సన్న కాడని వంచి చూస్తున్నాడు.

"వంగుతోంది. విరగట్లేదు," అన్నాడు.

"ఇంకో నాలుగు రోజులు."

"ఆగుదాం." కాడని వదిలేసి అన్నాడు, "వాళ్ల ముందు స్కంక్ అన్నాను. నాకే సిగ్గేసింది, నళినీ."

బుధవారం కాడ టక్కుమంది. ఎనిమిది సీసాలు నిండాయి. అక్కడితో పని అయిపోదు. లోపల మిగిలిన తడి పోవాలంటే కొన్ని వారాలు రోజూ మూతలు తీసి, కాసేపు గాలి తగలనిచ్చి, మళ్లీ బిగించాలి. నళిని వేళ్లకి మూత తిరగదు. రోజూ సాయంత్రం ఆరింటికి ఎనిమిది మూతలూ హరనాథే తీశాడు, అతనే బిగించాడు.

పదో రోజు ఆ పనిలో ఉండగానే విశ్వనాథ్ నుంచి ఫోన్. హరనాథ్ స్పీకర్‌లో పెట్టాడు.

"ఆదివారం ఆరింటికి మా ఇంట్లో మీటింగ్. అందరితో మాట్లాడాను, ప్రెసిడెంటువి నువ్వే. ఆ రోజు సంగతి మాత్రం ఎత్తకు. ఎవరన్నా అడిగితే స్కంకే అనేద్దాం."

హరనాథ్ సీసాని చంకలో బిగించి పట్టుకున్నాడు.

"ఆరింటికి నాకు కుదరదు, విశ్వనాథ్. సీసాల మూతలు తీయాలి."

"ఏం సీసాలు?"

హరనాథ్ నళిని వైపు చూశాడు.

"గంజాయి సీసాలు," అని, మూత తిప్పాడు.