వెయ్యని డప్పు

కాలిన గాయాల వార్డులోంచి మరో స్ట్రెచర్ బయటికొచ్చింది. బాలశౌరి గోడకు అతుక్కుపోయి దారి ఇచ్చాడు. ముఖం కప్పేసి ఉంది. కాళ్లకు మట్టెలు లేవు కాబట్టి సీతారావమ్మ కాదు. హమ్మయ్య అనుకున్నందుకు అతనికి తనమీద తనకే అసహ్యం వేసింది.

కంట్రాక్టరు ఇచ్చే పద్దెనిమిది వందల జీతానికి బాలశౌరి రోజూ కాలవగట్టున పెట్రోలు పైపులైను వెంట నడుస్తాడు. తడి కనిపించినా, వాసన తగిలినా సూపర్‌వైజరుకు చెప్పాలి. ఎండనపడి వచ్చే అతనికి దారిలో ఇల్లున్న సీతారావమ్మ మజ్జిగ పోసేది. మొదట్లో అరుగు చివర విడిగా బోర్లించిన గ్లాసులో పోసేది. ఓ వేసవిలో ఎందుకో దాన్ని అవతల పారేసి, ఇంట్లో గ్లాసే చేతికిచ్చింది. నలుగురూ నాలుగు మాటలన్నా లెక్కచేయలేదు.

నిన్న సాయంత్రం కాలవ పక్కన పెట్రోలు ఉబికి నీళ్లలో కలవడం చూసి బాలశౌరి పరుగెత్తాడు. సూపర్‌వైజరు దుర్గాప్రసాద్ లైను ఆపించాడు, రిపేరువాళ్లకు కబురు పెట్టాడు. అంతవరకూ బాగానే ఉంది. ఊరికి మాత్రం చెప్పొద్దన్నాడు.

"చెప్తే పెట్రోలు తోడుకోడానికి బిందెలు పట్టుకుని తీర్థానికొచ్చినట్టు వచ్చేస్తారయ్యా. పొద్దున్నకి మనవాళ్లొస్తారుగా. నువ్వు గట్టుమీద కాపుండు. ఎవర్నీ బీడీ ముట్టించనివ్వకు."

బాలశౌరి రోడ్డువైపు గట్టుమీద కాపు కాశాడు. బిందెలవాళ్ల కోసం చూశాడు. చర్చికి వెళ్లే ఇంట పుట్టినవాడికి మర్నాడు పోలి పాడ్యమి అని గుర్తులేదు. తెల్లవారకముందే ఆడవాళ్లు ఊరివైపు రేవులోకి దిగారు, అరటిదొప్పల్లో దీపాలు పెట్టుకుని. వాసన తగిలినా, ఎవరో ఆయిలింజను వేసి నీళ్లు తోడుతున్నారనుకున్నారు. దొప్ప నీళ్లను తాకిందో లేదో, కాలవ కాలవంతా అంటుకుంది.

దుర్గాప్రసాద్ ఆసుపత్రికి వచ్చి కొబ్బరిబొండం చేతిలో పెట్టి పక్కకు పిలిచాడు.

"కాసేపట్లో ఎంక్వయిరీ ఆఫీసరుగారొస్తారు. లీకైతే ఊళ్లో డప్పు వేయించాలని రూల్సులో ఉంది. మీ నాన్నే గదా డప్పేసేది? సాయంత్రమే వేశాడని చెప్పు. చెప్పినా వినకుండా వచ్చారంటే ఏ గొడవా ఉండదు. నీ ఉద్యోగం పర్మనెంటు చేయించే పూచీ నాది."

ఏడాదికోసారి ఆఫీసర్లు జీపుల్లో దిగి, మాక్ డ్రిల్లు చేసి, బిర్యానీ పొట్లాలు తిని పోయేవారు. ఊరివాళ్లను తాడు కట్టి అవతలే నిలబెట్టేవారు. పెట్రోలు నీళ్లమీద తేలుతుందనీ, నీళ్లమీదే మండుతుందనీ ఒక్క ఆడకూతురికైనా చెప్పిన పాపాన పోలేదు.

బాలశౌరి బొండం కింద పెట్టేశాడు.

"అట్టా అంటే పోయినోళ్లదే తప్పన్నట్టు గదండీ. డప్పెయ్యలేదు. తమరు చెప్పొద్దన్నారు, నేను నోరు మూసుకున్నాను. అడిగితే అదే చెబుతానండి."

"నువ్వూ జైలుకి పోతావురా!"

"పోతానండి."

దుర్గాప్రసాద్ విసురుగా వెళ్లిపోయాడు. అతను తప్పుకున్నాక గానీ, వెనకాల మందుల చీటీతో నిలబడ్డ సీతారావమ్మ భర్త వెంకటప్పయ్య కనిపించలేదు. అంతా విన్నాడు.

"నీకు ముందే తెలుసా, బాలశౌరీ?"

"తెలుసండి."

వెంకటప్పయ్య చెయ్యి లేచింది. కొడతాడనుకుని బాలశౌరి తలొంచుకున్నాడు. కొడితే బాగుండుననిపించింది. కానీ ఆ చెయ్యి వచ్చి అతని రెక్క పట్టుకుంది.

"రా లోపలికి. మొదటి దొప్ప వదిలింది అదేనంట. నేనేం అపచారం చేశానో, గంగమ్మకి కోపమొచ్చింది, ఇంతమంది ఉసురు పోసుకున్నానని ఒకటే ఏడుపు. నీ తప్పు కాదే అని నే చెబితే నమ్మట్లేదు. నువ్వు చెప్పు."

గుమ్మం దగ్గర బాలశౌరి ఆగి చెప్పులు విడిచాడు. లోపల సీతారావమ్మ సన్నగా, పక్క మంచాలవాళ్లను ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తూ, తనను క్షమించమని అడుగుతోంది.