బీరువాలో పుస్తకం

మా మెకానిక్ మేస్త్రిని ఆ కరెంటు కారు కింద నుంచి బయటికి లాగినవాళ్లలో నేనూ ఉన్నాను. షాకు కొట్టి ప్రాణం పోయినా పిడికిట్లో స్పానర్ అలాగే ఉంది. చిన్న బ్యాటరీ వైరు ఊడదీసి, పక్కకు మడిచి మరీ పనిలోకి దిగాడు. ముప్పై ఏళ్లుగా మా మెకానిక్కుల వీధిలో అందరం చేసేది అదే. ఆ వైరు ఊడితే బండి చచ్చినట్టే. కరెంటు కారులో ఇంకో పెద్ద బ్యాటరీ ఉంటుందని, అది అంత తొందరగా చావదని మాకెవరూ చెప్పలేదు.

మర్నాడే ఆ కారు కంపెనీ ఆఫీసరు వచ్చాడు. పోయిన మనిషి గురించి ఒక్క మాట లేదు. "పర్మిషన్ లేనివాళ్లు ముట్టుకుంటే ఇంతే," అని మేస్త్రి షెడ్డుకు సీలు వేయించాడు.

సీలు వేసిన షట్టరు ముందే మీటింగు పెట్టుకున్నాం. రేడియేటర్లు అతికేవాడు చేతులెత్తేశాడు. "మన పని అయిపోయిందిరా. ఎవడి దారి వాడు చూసుకుందాం."

స్పేర్ పార్ట్స్ కొట్టు నడిపే మేస్త్రి చెల్లెలు కస్సున లేచింది. "మా అన్న పని రాక చచ్చాడా? ఆ కారు ఎలా విప్పాలో రాసిన పుస్తకం కంపెనీ వాళ్ల బీరువాలో ఉంది. మూడుసార్లు వెళ్లి అడిగాడు. ఇచ్చుంటే బతికేవాడు. నాకు ఆ పుస్తకం కావాలి!"

డెంటింగు వాళ్లు, టైర్ల వాళ్లు, పెయింటర్లు, అందరం కంపెనీ షెడ్డుకు వెళ్లాం. గేటు మూసేశారు. లోపల కంపెనీ మెకానిక్కులు తలలు దించుకున్నారు. వాళ్లలో సగం మంది మా వీధిలో పని నేర్చినవాళ్లే.

"పుస్తకం కంపెనీ సొత్తు," అన్నాడు ఆఫీసరు.

"మా అన్న ప్రాణం ఎవరి సొత్తురా?"

పోలీసులు దిగారు. ఆమెను జుట్టు పట్టి వ్యాను దాకా ఈడ్చారు. రేడియేటర్లవాడి తల పగిలింది. అయినా గేటు వదల్లేదు. నేను మాత్రం రెండడుగులు వెనక్కి వేశాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

వ్యాను తలుపు పట్టుకుని ఆమె లోపలివాళ్లను కేకేసింది. "మీకు తెలుసుగా! చిన్న బ్యాటరీ తీశాక ఏం చేయాలో నోరు తెరిచి చెప్పండి!"

ఆఫీసరు వాళ్లవైపు కళ్లెర్రజేశాడు. అప్పుడు మేస్త్రి దగ్గరే పని నేర్చినవాడొకడు, కంపెనీ యూనిఫాంలో, ఏడుస్తూనే అరిచాడు.

"సీటు కింద ప్లగ్గు లాగాలక్కా! లాగి పది నిమిషాలు ఆగాలి!"

ఆఫీసరు అతని కాలరు పట్టుకున్నాడు. ఇంకో గొంతు లేచింది. "రబ్బరు గ్లౌజులు వేసుకోవాలి!" వెనక నుంచి మరొకటి. "మీటరు పెట్టి సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి!"

వ్యాను కదిలింది. వెనకే నడిచాం. నినాదాలేవీ రాసుకుని రాలేదు, విన్నదే అరిచాం. ప్లగ్గు లాగు! పది నిమిషాలు ఆగు! పక్కకు చూస్తే మాతో యూనిఫాంలూ నడుస్తున్నాయి.

స్టేషను చేరేసరికి, ఆ పుస్తకంలో మొదటి పేజీ మా వీధి మొత్తానికి నోటికొచ్చేసింది.