గడప దాఁటని యాజ్ఞ

ప్రచండమార్తాండకిరణపాతమున రాజమార్గములఁ బఱచిన తారు పాకమువలెఁ గరఁగి బాటసారుల చెప్పులఁ బట్టి లాగుచుండఁగా కాకులు సైతము నోళ్లు తెఱచుకొని విద్యుత్స్తంభముల సన్నని నీడలయందు దాఁగియుండఁగా రోహిణికార్తెలో రోళ్లు పగులునన్న పెద్దల మాటకు ఊరంతయు సాక్ష్యము పలుకుచున్న యొకానొక మధ్యాహ్నమున, కళింగతీరమందలి యా రాజధానిలో ప్రతినిధిసభామందిరము మాత్రము మాఘమాసపుఁ దెల్లవాఱువలెఁ జల్లగా నుండెను. ఆ చల్లఁదనము గోడలలోఁ బొంచియున్న యంత్రములది. ఆ యంత్రముల యుదరములందుఁ దిరుగు వాయువును గూర్చియే సభ్యులు ఆనాఁడు రక్తము చిందించుకొనఁబోవుచుండిరి.

మహాద్వారముకడ దండు పోలినాయుఁడు నిలిచియుండెను. ధవళోష్ణీషశోభితశిరస్కుఁడును తామ్రఫలకాలంకృతకటిబంధుఁడును సాలస్తంభసన్నిభభుజద్వయుఁడును నగు నాతఁడు ఇరువదిరెండేండ్లుగా నా సభకు మార్షల్. సభాపతి యాజ్ఞ యైన తోడనే యెంతటి మహావక్తనైనను పనసపండువలె భుజమున వేసికొని గడప దాఁటించి దింపివచ్చుట యాతని కొలువు. ఎవఁడు ధర్మము పలికెను ఎవఁడు అధర్మము పలికెను అని యాతఁడు ఏనాఁడును విచారింపలేదు. మోయువానికి బరువే గాని పక్షమెక్కడిది? "గడప మీద నిలబడకు నాయినా, అయితే లోపలికి రా, లేపోతే బయటికి పో" అని చిన్ననాఁడు తల్లి చెప్పిన మాటను మాత్రము తప్పక పాటించుచుండెను.

అట్టివాని గుండెలో నొక గడప ముల్లువలె గ్రుచ్చుకొని యుండెను. మూఁడేండ్ల క్రిందట నాతని తమ్ముఁడు గౌరినాయుఁడు, శీతలయంత్రముల మెకానిక్కు, రేవుకడనున్న యొక చేపల కోల్డు స్టోరేజీలోఁ బాత యంత్రమును విప్పెను. అందలి గ్యాసును సిలిండరులోఁ బట్టవలెనన్నఁ బూఁట పట్టును, గొట్టము కోసి గాలిలోనికి వదలినచో గడియలో ముగియును. యజమాని తొందరపెట్టెను; గొట్టము కోయఁబడెను. గాలికంటె బరువైన యా వాయువు రంగులేక వాసనలేక మూసియున్న గదిలో నేలనుండి వఱదనీటివలెఁ బెరిగి చతికిలఁబడి పనిచేయుచున్న వాని ముక్కును ముంచెను. పరుగెత్తి వచ్చిన పోలినాయుఁడు తమ్ముని భుజమున వేసికొని తలుపువైపు నడచుచుండఁగా "ఊపిరాడ్నేదు అన్నియ్యా, బేగి నడు" అని చెవిలో నొక మాట వినవచ్చెను. గడప దాఁటునప్పటికి ఆ చెవికిఁ దగులు శ్వాస నిలిచిపోయెను. అయ్యో, పదడుగుల దూరము!

ఆ చావు పిమ్మటనే మరడాన తవిటమ్మ యను సభ్యురాలు, పూర్వము పల్లెబడిలోఁ బంతులమ్మ, రెండేండ్లు పోరాడి శీతవాయు నిబంధనమును సాధించెను. పాత గ్యాసును గాలిలోనికి వదలరాదనియు ఓజోనుపొర యను నాకాశపు గొడుగునకుఁ దూట్లు పొడిచి భూమిని వేఁడెక్కించు వాయువులను క్రమముగా మానవలెననియు దాని సారము. దానిని రద్దు చేయుటకై యిప్పుడు కోరాడ విశ్వంభరరావు బిల్లు తెచ్చెను. ఏడు కోల్డు స్టోరేజీలకు నధిపతి యాతఁడు, గౌరినాయుఁడు చచ్చిన గిడ్డంగియు నాతనిదే. ఓటులేని సభాపతి గాక సభ్యులు నలువదిమువ్వురటు, నలువదిమువ్వురిటు. సమమైనచో బిల్లు వీఁగును, ఎదిరిపక్షమున నొక్కరు తగ్గిన నెగ్గును. ఈ లెక్క ద్వారముకడ నిలిచినవానికిఁ గూడఁ దెలియును.

విశ్వంభరరావు లేచి మేఘగంభీరస్వరమున "అధ్యక్షా! ఆకాశానికి చిల్లు పడితే మాసిక వెయ్యడానికి మా గిడ్డంగులే దొరికాయా? ఈ నిబంధన వల్ల చేపలు కుళ్లిపోతున్నాయి, చేపలు పట్టేవాడి బతుకు కుళ్లిపోతోంది!" అనఁగా నొకవైపు బల్లలన్నియు మ్రోఁగెను.

పిడికెఁడంత దేహముగల తవిటమ్మ లేచి నిలిచెను. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే ఇంకొకడు చుట్టకి నిప్పడిగినాడంట. బాబూ, గౌరినాయుడు చచ్చింది మీ గిడ్డంగిలోనే కదా? ఆ మాటొక్కటీ చెప్పరేం?"

ఎల్లరెఱిఁగియు నెవ్వరు ననని మాట యది. తేలు కుట్టిన దొంగ కిక్కురుమనఁడందురు గాని యీ దొర సింహనాదము చేసి బల్లమీఁది గాజుగుండును విసరెను. అది తవిటమ్మ ప్రక్కనున్న ముదుసలి సభ్యుని నుదుటఁ దగిలి బొటబొట నెత్తురు కాఱెను. అంతట కుర్చీలు గాలిలోనికి లేచెను, మైకులు గదలయ్యెను, ప్రజల కొఱకుఁ జట్టములు వ్రాయు చేతులు పరస్పరకంఠనిష్పీడనమునకుఁ బూనుకొనెను. విఱిగిన పన్నొకటి సభాపతి పీఠముదాఁక దొరలివచ్చెను. తవిటమ్మ బల్ల యెక్కి బిల్లును నిలువునఁ జించివేసెను.

నెత్తురు చూచి నోరెత్తని సభాపతి కాగితము చిరిగినందుకు మండిపడెను. "మార్షల్! ఆ సభ్యురాలిని వెలుపలికిఁ గొనిపొండు! ఓటింగు గంట మ్రోఁగింపుఁడు!"

గంట మ్రోఁగుట మొదలిడెను. అది యాఁగునప్పటికి గడప దాఁటనివారెల్లరు సభ్యులే, దాఁటినవారికి ఓటు లేదు. పోలినాయుఁడు అలవాటు చొప్పున నా కుమ్ములాటను జీల్చుకొని పోయి యామెను భుజమున వేసికొనెను. అరబస్తా బియ్యపు బరువైన లేదు. ఆమె పెనుఁగులాడలేదు, తిట్టలేదు. అతని చెవికడ ఎగశ్వాసతో "మీ తమ్ముడి కోసమే నాయినా" అని మాత్ర మనెను.

ఆ వెచ్చని యూపిరి చెవికిఁ దగిలెను. ఎదుట గడప. అవతల మండుటెండ. పదడుగులు. తొమ్మిది. ఐదు. గడపమీఁదఁ గుడికాలు మోపి, తల్లి వలదన్న చోటనే పోలినాయుఁడు నిలిచిపోయెను.

"ఏల నిలిచితివి?" అని సభాపతి గర్జించెను.

"చిత్తం. తమ ఆజ్ఞ ప్రకారమే తీసుకుపోతన్నాను. ఇంకా గడప దాటలేదు."

విశ్వంభరరావునకు విషయము తెలిసిపోయెను. "తొయ్యండిరా వాణ్ని!" అని యఱచి తానే ముందు దుమికి విఱిగిన కుర్చీకోడుతో పోలినాయుని వెన్ను పగులఁ గొట్టెను. ఇద్దఱు సభ్యులు నడుము పట్టి నెట్టిరి, ఒకఁడు మోఁకాలిమీఁదఁ దన్నెను. ఆతఁడొక చేత నామెను బట్టుకొని రెండవచేత ద్వారబంధమును బెనవేసికొనెను. రెండవ దెబ్బకు మెడక్రింది యెముక ఫెళ్లున విఱిగెను. మూఁడవ దెబ్బకుఁ దలపాగ యెగిరిపోయి నెత్తురు కన్నులలోనికిఁ గాఱెను. వాని కాలు వెండ్రుకవాసి కదలలేదు. ఎన్ని సారులో యెందఱినో మోసిన యా దేహము ఆనాఁడు తలుపునకు గడియ యయ్యెను.

గంట ఆఁగెను. కార్యదర్శి లెక్కపెట్టెను. నలువదిమువ్వురు. నలువదియిద్దఱు. అంతలో గడపమీఁదినుండి, రక్తసిక్తమైన భుజము మీఁదినుండి, ఎముకలు తేలిన చెయ్యొకటి పైకి లేచెను. "నేను ఒప్పుకోను!" అని తవిటమ్మ కేక వేసెను. సభాపతి యామెవంకఁ జూచెను, గడపవంకఁ జూచెను, చేయునది లేక "సమము. బిల్లు వీఁగినది" అనెను. విశ్వంభరరావు చేతనున్న కోడు నేలఁ బడెను.

అప్పుడు పోలినాయుఁడు ద్వారబంధమును విడిచెను. మరునాఁటికిఁ గొలువుండదని యాతనికిఁ దెలియును. అయినను ఆజ్ఞ యాజ్ఞయే గనుక ఎడమకాలెత్తి గడప దాఁటి, నాలుగడుగులు నడచి, మండుచున్న మెట్లమీఁద మోఁకరిల్లి యామెను మెల్లగా దింపెను. దింపియు వెంటనే లేవక నెత్తురోడు చెవిని ఆమె ముక్కుకడకుఁ జేర్చెను.

"బతికే ఉన్నానయ్యా" అని తవిటమ్మ యనెను.

నిలువరాని చోట నిలుచుటయు నొక్కొక్కప్పుడు ధర్మమే కావచ్చును. ఆ సంగతి పోలినాయుఁడు తలఁపలేదు. ఆ మండుటెండలో మోఁకాళ్లమీఁదనే యుండి యామె యూపిరి వచ్చుటను, పోవుటను, మరల వచ్చుటను వినుచుండెను.