తమ్ముడి మాట తెగకుండా

ఇంటర్నెట్ కేబుళ్లలోని సన్నటి గాజు తీగలు అతకడం ఆమె పని. ఊళ్లోని పెద్ద కంపెనీలో ఆమెకు మంచి పేరే ఉంది. కానీ ఆమె ఉండే కాలనీకే ఇంటర్నెట్ లేదు. ఊరికి దూరంగా, ఏటవాలు మీద ఉందది.

"ఆ కాసిన్ని ఇళ్ల కోసం అంత దూరం కేబుల్ లాగితే మాకేం మిగులుతుందమ్మా?" అన్నాడు మేనేజరు.

అదే కాలనీలో ఉండే ఆమె తమ్ముడు వడ్రంగి. పుట్టుచెవుడు. అతనికి కుదిరిన అమ్మాయికీ వినపడదు. ఆ పిల్ల ఉండేది వేరే ఊళ్లో. ఇద్దరి కబుర్లూ ఫోన్ తెర మీద చేతి సైగలతోనే. కాలనీలో మొబైల్ సిగ్నల్ అంతంతమాత్రం. చెప్తూ చెప్తూ ఉండగా ఆ అమ్మాయి చెయ్యి గాల్లోనే బిగుసుకుపోయేది. తమ్ముడి ముఖం చిన్నబోయేది.

చూసి చూసి అక్క ఉద్యోగానికో దండం పెట్టేసింది. లైసెన్సు తెచ్చుకుని, ఊళ్లో టోకున ఇంటర్నెట్ లైను తీసుకుంది. దాన్ని కాలనీకి గాల్లోంచి పంపడానికి రెండు డిష్‌లు కొని, ఒకటి ఊళ్లో బిగించింది. దానికి సూటిగా కనిపించే డాబా కాలనీలో ఒక్కటే. రిటైరైన బస్సు కండక్టరుది. అందరూ ఆయన్ని విజిల్ బాబాయ్ అంటారు. రెండో డిష్ అక్కడ పెట్టుకుంటానని అడిగింది.

"నా నెత్తిన పిడుగు పడటానికా? కుదరదు."

"ఎర్తింగ్ వేస్తాను కదా బాబాయ్!"

వినలేదు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

మర్నాడు ఆయనే విరిగిన కుర్చీ పట్టుకుని తమ్ముడి దగ్గరికొచ్చాడు. తమ్ముడు ఫోన్లో ఉన్నాడు. తెర మీద అమ్మాయి ఏదో చెబుతూ నవ్వుతోంది. ఉన్నట్టుండి బొమ్మ ఆగిపోయింది.

"ఏమంటోంది?" అన్నాడు బాబాయ్.

"వాడికీ తెలీదు బాబాయ్. మాట మధ్యలోనే తెగిపోయింది," అంది అక్క.

బాబాయ్ కుర్చీ అక్కడే వదిలేసి వెళ్లాడు. కాసేపటికి వచ్చి డాబా తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. "ఎర్తింగ్ మాత్రం గట్టిగా వెయ్యి అమ్మాయ్."

డిష్ లేచింది. అక్కడి నుంచి ఆమె ముందు తమ్ముడి ఇంటికి గాజు తీగ లాగింది. జనం మూగారు. స్విచ్ వేస్తే మోడెం మీద ఎర్ర దీపమే వెలిగింది.

"అనుకున్నా, ఇది అయ్యే పని కాదని," ఎవరో గొణిగారు.

ఆమె తీగ వెంటే ఒక్కో అతుకు పెట్టె తెరిచి చూసుకుంటూ డాబా దాకా వెళ్లింది. తప్పు తనదే. గాలికి లేచిన దుమ్ము అతుకులో ఇరుక్కుంది. బాబాయ్ దుప్పటి తెచ్చి గాలికి అడ్డంగా పట్టుకున్నాడు. ఆమె తీగ తుడిచి, కోసి, మళ్లీ అతికింది.

కింద ఒక్కసారిగా కేక. "పచ్చ! పచ్చ దీపం!"

పరుగున దిగి వచ్చేసరికి తమ్ముడి చేతులు గాల్లో ఆడుతున్నాయి. తెర మీద అమ్మాయి చేతులు అంతకన్నా జోరుగా. ఎక్కడా ఆగడం లేదు. ఏమంటోందని అక్క సైగ చేసింది. తమ్ముడు సిగ్గుపడి, నీకు కాదులే పొమ్మన్నట్టు చెయ్యి విదిలించాడు.

అక్క పగలబడి నవ్వింది. కళ్లు తుడుచుకుంది. వాకిట్లో అప్పుడే గొడవ మొదలైంది, మా ఇంటికి ముందంటే మా ఇంటికి ముందని. ఆమె నిచ్చెన భుజానికెత్తుకుని పక్కింటి గేటు తీసింది.