చూడని రెండో ప్లేటు

అక్క మొగుడి తలలో కణితి ఉందని తేలిన దగ్గర్నుంచి చెల్లెలికి తిండీ నిద్రా ప్రయోగశాలలోనే. ఆమె పని కూడా ఆ కణితుల మీదే, వాటిలో ఉండే ఒకానొక ఆర్ఎన్ఏ మీద. కొన్ని ఆర్ఎన్ఏలు ప్రొటీన్ల తయారీకి సూచనలు మోస్తాయి. ఇది ఏ ప్రొటీనూ చెయ్యదు. ఊరికే కూర్చుని కణాలను పెరగండి పెరగండి అని ఉసిగొల్పుతుంది. "అచ్చం మా ఆఫీసరే!" అని నవ్వేవాడు బావ, ఒంట్లో బాగున్న రోజుల్లో.

ఆ ఆర్ఎన్ఏ నోరు నొక్కే మందు వేసిన కణితి కణాల ప్లేటును ఆ ఉదయం మైక్రోస్కోపు కింద పెట్టింది. కణాలు పెరగలేదు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పక్కనే ఉత్తుత్తి మందు వేసిన రెండో ప్లేటుంది. అందులో కణాలు ఏపుగా పెరిగితేనే మొదటిదానికి అర్థం. రెండూ చూడందే నోరు విప్పొద్దని విద్యార్థులకు చెవినిల్లు కట్టుకుని పోరేది ఆమే. ఒళ్లు అలిసిపోతే బుద్ధీ కునుకు తీస్తుంది కాబోలు, ముందు అక్కకు ఫోన్ చేసింది.

"ఆగిపోయాయక్కా!"

తర్వాత రెండో ప్లేటు చూసింది. అందులోనూ పెరగలేదు. రెండు ప్లేట్లకూ పోసిన పోషక ద్రవమే పాడైంది. మందు చేసిందేమీ లేదు.

ఆస్పత్రికి పరుగెత్తేసరికి, మందు దొరికింది, కణితి తీసే ఆపరేషన్ ఇక వద్దని డాక్టరుకు చెప్పేసి అక్క బావ మంచం పక్కన కుర్చీలో గుర్రుపెడుతోంది.

"తొందరపడ్డాను బావా. అది పనిచెయ్యలేదు. చేసినా మనుషుల దాకా రావడానికి ఏళ్లు పడుతుంది. ఆపరేషన్ ఆపొద్దు."

"తెలుసులే మరదలా. డాక్టర్ని మళ్లీ పిలిపించాను. రేపు చేస్తారు." కుడిచెయ్యి మాట వినడం మానేసింది, ఎడంచేత్తో దుప్పటి లాక్కున్నాడు. "దాన్ని మాత్రం లేపకు. ఈ రోగం వచ్చాక మీ అక్క ఇలా ఒళ్లు మరిచి నిద్రపోవడం ఇదే."

చెల్లెలికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఏడవాలనిపించింది గానీ ఓపిక లేదు. మంచం పట్టీ పట్టుకుని నేలమీద కూలబడింది.

అక్క తనే లేచింది. చెల్లెల్ని చూసి ముఖం చాటంత చేసుకుంది.

"వచ్చావుటే! ఆ మందు ఎప్పుడు మొదలుపెడతారు?"

బావ కళ్లు మూసుకున్నాడు.

"మందు లేదక్కా," అంది చెల్లెలు.

అక్క ముఖం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. ఆ మాట లోపలికి దిగడానికి కొంచెం సేపు పట్టింది.