దులిపినా రాలని వ్యాసం

తెల్లారకముందే మొదటి బస్సు ఎక్కి, మధ్యాహ్నం ఒంటిగంటకి దిగేది కండక్టరమ్మ. డిపోలో టిక్కెట్ల మిషను, ట్రిప్ షీటు అప్పగించి, ఆ యూనిఫారంతోనే యూనివర్సిటీకి వెళ్ళిపోయేది. నలభై మూడేళ్ళ వయసులో సమాజశాస్త్రం మొదటి సంవత్సరంలో చేరింది మరి. క్లాసులో అందరూ ఆమె కూతురి ఈడు పిల్లలే. ఖాకీ చొక్కా గుమ్మంలో కనబడగానే వాళ్ళు అలవాటు కొద్దీ పక్కకి జరిగేవాళ్ళు. ఆమె కూడా అలవాటు కొద్దీ, "లోపల ఖాళీగానే ఉంది, ముందుకి జరగండి" అనేసి నాలిక కరుచుకునేది.

ఆ డిపార్టుమెంటులో వ్యాసాలు తీసుకునే పద్ధతి ఒకటుంది. శుక్రవారం మూడింటికి గుమస్తా కిటికీ తెరుస్తాడు, నాలుగింటికి మూసేస్తాడు. కాగితాలు చేతికి రాగానే వాటి మూల పట్టుకుని, ఆరేసిన తువ్వాలు దులిపినట్టు రెండుసార్లు గట్టిగా దులుపుతాడు. రాసినవాళ్ళ సొంతం కాని వాక్యాలు రాలి కింద పడతాయి. పక్కన సొంతదారు పేరు రాసి ఉంటే మాత్రం రాలవు. రాలినవాటిని చీపురుతో మూలకి చేర్చి, సాయంత్రం సంచీలో పోసుకుని లైబ్రరీకి తీసుకెళ్ళి, ఏ పుస్తకంలోవి ఆ పుస్తకంలో వదిలేసి ఇంటికి పోతాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. నడుంనొప్పి తప్ప ఆయనకి దీనిమీద వేరే ఫిర్యాదు లేదు.

నగరంలో కాలం గురించి కండక్టరమ్మ రాసిన మొదటి వ్యాసం పద్నాలుగు పేజీలు. నెలరోజులు లైబ్రరీలో కూర్చుని, కళ్ళు మండేదాకా చదివి, నచ్చిన ప్రతి వాక్యాన్నీ గుండ్రటి అక్షరాలతో దించింది. గుమస్తా ఒక్కసారి దులిపేసరికి పద్నాలుగు పేజీలూ తెల్లబోయాయి. పేరు, రోల్ నంబరు, ఏడో పేజీ మధ్యలో ఒక్క వాక్యం మిగిలాయి. 'ఆదివారం బస్సెక్కినవాళ్ళకి దిగాల్సిన స్టాపు గుర్తుండదు.'

"అంతా నేనే రాశాను బాబాయ్, నా చేత్తో" అంది ఏడుపు గొంతుతో.

"చెయ్యి నీదేనమ్మా, కాదన్నానా" అని గుమస్తా చీపురు అందుకున్నాడు. "కాస్త కాళ్ళు తియ్యి."

వందకి నాలుగు మార్కులొచ్చాయి. ఆ నాలుగూ ఆదివారానికే.

రెండో వ్యాసంలో ఆమె జాగ్రత్తపడింది. ప్రతి వాక్యం పక్కనా అది ఎవరిదో రాసింది. గుమస్తా ఎంత దులిపినా ఒక్క చుక్క కూడా రాలలేదు. ఇక గట్టెక్కినట్టే అనుకుంటూ ఉండగా, వ్యాసాలు దిద్దే మేడం పిలిపించారు. మేడం పొట్టిగా, సన్నగా ఉంటారు, కోపమొచ్చినా గొంతు పెంచరు.

"ఇల్లంతా చుట్టాలే ఉన్నారు. ఇల్లుగలావిడ ఏదీ?" అన్నారు కాగితాలు తిప్పుతూ.

"వాళ్ళంతా పెద్దపెద్దవాళ్ళు కదండీ. వాళ్ళ మధ్య నేనేం మాట్లాడతాను?"

"బస్సులోనూ ఇలాగే నోరు మూసుకుని నిలబడతారా?"

కండక్టరమ్మకి నవ్వొచ్చింది గానీ, కాగితం మీద ఇరవై ఎనిమిది చూసి ఆ నవ్వు ఎటో పోయింది. మూడు వ్యాసాల్లో ఒక్కదానికైనా యాభై రాకపోతే ఆ ఏడాదితో పేరు కొట్టేస్తారు. డిపోలో ఆమెకి పొద్దుటి డ్యూటీయే వేస్తూ వచ్చింది కూడా ఈ ఒక్క ఏడాదికే, పాసైతేనే పొడిగిస్తారు. తప్పితే మళ్ళీ రెండు పూటల డ్యూటీలు, చదువుకి నమస్కారం. పదహారేళ్ళప్పుడు ఒకసారి మానేసింది చదువు. రెండోసారి మానడం ఆమె వల్ల కాదు.

మర్నాడు ఆఖరి స్టాపులో బస్సు ఆగినప్పుడు డ్రైవరు అద్దం తుడుస్తూ అడిగాడు. పన్నెండేళ్ళుగా ఇద్దరిదీ ఒకే బస్సు.

"ఏంటి చెల్లెమ్మా, మొహం వేలాడేశావు?"

ఆమె చెప్పింది. ఆయన గుడ్డ పిండి భుజాన వేసుకున్నాడు.

"నీ నల్ల డైరీ ఉందిగా, దాంట్లోంచి రాయి."

"అదేమన్నా పుస్తకమా అన్నా? నేను గీసుకున్న గీతలు."

"మరి ఆ పుస్తకాలోళ్ళు ఎవరి గీతలు గీశారంట?"

డైరీ సంగతి ఇదీ. బస్సు నిండిపోయి ఆపకుండా పోయినప్పుడల్లా, ఆ స్టాపులో ఎంతమంది మిగిలిపోయారో ఆమె పదకొండేళ్ళుగా రాసుకుంటోంది. ఎవరూ అడగలేదు. ట్రిప్ షీటులో ఎక్కినవాళ్ళకే గడి ఉంది, ఎక్కలేకపోయినవాళ్ళకి లేదు. అందుకు ఆమెకి ఎందుకో మనసొప్పలేదు.

ఆ గడి మాటతోనే మొదలుపెట్టిన మూడో వ్యాసం తొమ్మిది పేజీలు అయింది. స్టాపుల పేర్లు లేకుండా ఆమెకి కలం కదల్లేదు, అందుకని ఒక్కో స్టాపుకీ ఒక్కో శీర్షిక పెట్టేసింది. నాలుగో స్టాపు దగ్గర మూడు పేజీలు ఆగింది. ఐదూ నలభైకి అక్కడ ఆసుపత్రులు ఊడ్చే ఆడవాళ్ళు నిలబడతారు. రోజూ పదిమందికి తక్కువ కాకుండా మిగిలిపోతారు. తర్వాతి బస్సు నలభై నిమిషాలకి. ఎనిమిది దాటితే ఏడు నిమిషాలకో బస్సు, సగం సీట్లు ఖాళీ. పుస్తకాల పెద్దల్ని ముగ్గుర్నే పిలిచింది, పేర్లు రాసి, ఎక్కడ కూర్చోవాలో చూపించి మరీ కూర్చోబెట్టింది.

శుక్రవారం క్యూలో ఆమె వంతు వచ్చేసరికి నాలుగు కావడానికి పది నిమిషాలుంది. గుమస్తా దులిపాడు. ఏమీ రాలలేదు. రెండోసారి దులిపాడు. చివరి పేజీలోంచి ఒకే ఒక్క వాక్యం జారి, ఆమె బూటు పక్కన పడింది.

వ్యాసమంతా ఆ వాక్యం మీదే నిలబడి ఉంది. 'బస్సు ఆలస్యమైతే ఎనిమిదింటివాళ్ళు తిడతారు, ఐదింటివాళ్ళు పరుగెడతారు.'

"ఏ పుస్తకంలోదమ్మా ఇది?"

"ఏ పుస్తకంలోదీ కాదు బాబాయ్. నేనే..." అని ఆగిపోయింది.

నాలుగేళ్ళ కిందట, వాన పొద్దున, బస్సు నాలుగో స్టాపు దాటిపోతుంటే అద్దంలో ఆ ఆడవాళ్ళని చూస్తూ డ్రైవరు అన్న మాట అది. ఎన్నిసార్లు తలుచుకుందో, తనదే అనుకుంది. టిక్కెట్టు లేకుండా దొరికిన ప్రతివాడూ ఆమె మొహం మీద చెప్పిన మాట ఏమిటి? తీసుకున్నాననే అనుకున్నానండీ, అని. ఆమెకి సిగ్గేసింది. కిటికీ పక్కకి జరిగి ఫోను తీసింది.

"అన్నా, నీ మాట ఒకటి నా వ్యాసంలో ఉంది. పక్కన నీ పేరు రాయనా?"



"నా పేరా? ఆ పుస్తకాలోళ్ళ పక్కన?"

"పక్కనే."

"అయితే ఇంటిపేరుతో సహా రాయి చెల్లెమ్మా."

ఆమె వాక్యాన్ని కింది నుంచి తీసి, ధూళి ఊది, దాని చోట పెట్టి బొటనవేలితో అదిమింది. పక్కన ఇంటిపేరుతో సహా రాసి, డ్రైవరు, మొదటి బస్సు అని చేర్చింది. గుమస్తా మూడోసారి దులిపాడు. వాక్యం కదల్లేదు. ముప్పై ఏళ్ళలో ఎవరికీ చెయ్యని పని, నాలుగోసారి కూడా దులిపి, "ఊఁ, మేకు కొట్టినట్టుంది" అని కిటికీ మూశాడు.

ఎనభై ఒకటి. మేడం ఆ అంకె కింద ఇంకేమీ రాయలేదు, రెండు గీతలు మాత్రం గీశారు. వ్యాసం నకలు ఒకటి లైబ్రరీలో పెట్టించారు. కండక్టరమ్మ ఆ కాగితాన్ని బస్సులో డ్రైవరు సీటు వెనక నిలబడి మొత్తం చదివి వినిపించింది. ఆయన తన పేరు దగ్గర మాత్రం మళ్ళీ చదవమన్నాడు.

రెండో సంవత్సరంలో, ఒక శుక్రవారం ఆమె క్యూలో ఉండగా, ముందున్న పెద్దమనిషి వ్యాసంలోంచి ఒక వాక్యం రాలింది. ఆయన నగర రవాణా కార్యాలయంలో అధికారి, సెలవు పెట్టి చదువుకుంటున్నాడు. గుమస్తా వంగి చూశాడు. 'ఎక్కినవాళ్ళకే గడి ఉంది, ఎక్కలేకపోయినవాళ్ళకి లేదు.'

"దీన్ని లైబ్రరీకి మొయ్యక్కర్లేదు" అన్నాడు గుమస్తా, నడుం నిమురుకుంటూ. "సొంతదారు ఇక్కడే ఉంది."

అధికారి వెనక్కి తిరిగి ఖాకీ చొక్కాని చూశాడు. మొహం ఎర్రబడింది.

"మేడం, మీ వ్యాసం లైబ్రరీలో చదివాను. పేరు రాయడం మరిచాను. తప్పైంది. మీ పేరు..."

ఆమె చెప్పింది. ఇంటిపేరుతో సహా చెప్పింది.

ఆ పేరుతో అధికారి వ్యాసం దులుపుడు దాటింది, ఆయన రవాణా ఆఫీసు బల్లలూ దాటింది. ఆర్నెల్లకి నాలుగో స్టాపుకి ఐదూ నలభై అయిదుకి రెండో బస్సు వేశారు.

ఆ పొద్దున మొదటి బస్సు నాలుగో స్టాపు దగ్గర ఆగి, పట్టినంతమందిని ఎక్కించుకుంది. కిందున్నవాళ్ళు తాపీగా వెనక్కి చూస్తున్నారు. అక్కడ రెండో బస్సు దీపాలు కనబడుతున్నాయి.

"ఎవరన్నా పరుగెడుతున్నారా చెల్లెమ్మా?" అన్నాడు డ్రైవరు అద్దంలోకి చూస్తూ.

"లేదన్నా. నిలబడే ఉన్నారు."

కండక్టరమ్మ నల్ల డైరీ తీసి, నాలుగో స్టాపు పక్కన, ఇన్నేళ్ళలో మొదటిసారి సున్నా చుట్టింది. కళ్ళు చెమర్చాయి, తుడుచుకోలేదు. బస్సు పక్కన చేత్తో రెండు దెబ్బలు వేసి, "రైట్, పోనీయన్నా" అంది.